లక్షన్నరకు సంతకం పెట్టేముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. అత్తవారిది ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం మండలంలో ఒక ఊరు. మాకు తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. మా ఆయన విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఫిట్టరు, ఓవర్‌టైముతో కలిపి 42,000 దాకా వస్తుంది. గొడవలు పడి ఏడాదిన్నరగా నేనూ పిల్లలూ ఇక్కడే అద్దె ఇంట్లో ఉంటున్నాం. జాకెట్లు కుట్టి నెలకు 6,000 సంపాదిస్తున్నాను. ఆయన డబ్బు పంపడం మానేశారు. అడిగితే జీతం 15,000 మాత్రమేనని, బండి లోను, చీటీ, ఎల్ఐసీ పోగా ఏమీ మిగలదని అంటారు. ఇల్లు వదిలి వెళ్లింది నువ్వే కాబట్టి పిల్లల్ని నాకిచ్చెయ్, నేనే పెంచుకుంటా అంటారు. పెద్దమనుషులు కూర్చుని, పిల్లలిద్దరికీ కలిపి లక్షన్నర ఒకేసారి ఇప్పించి కాయితం రాసేద్దామంటున్నారు. కోర్టుకు వెళ్తే పిల్లల ఖర్చుకు ఎంత ఇప్పిస్తారు? జీతంలో పాతిక శాతమని ఒకరు, మూడో వంతని ఒకరు చెబుతున్నారు. కేసు ఇక్కడ వేయాలా, ఆంధ్రాలో వేయాలా? పిల్లల ఖర్చుల చీటీ జత చేస్తున్నాను.
ఒక తల్లి, పర్లాకిమిడి

సమాధానం:

అమ్మా, తొందర ఉన్నది ఆ లక్షన్నర దగ్గరే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మీరు పంపిన చీటీకి ఇంటి అద్దె వాటా కూడా చేర్చి నెలవారీగా కూడితే ఇద్దరు పిల్లలకు 17,650 రూపాయలు తేలింది. లక్షన్నర అంటే ఎనిమిదిన్నర నెలల ఖర్చు. మీ బాబుకు పద్దెనిమిది నిండడానికి ఇంకా పదమూడేళ్లు ఉంది.

డబ్బు చాలకపోవడం ఒక్కటే కాదు, ఆ కాయితంలో ఇంకో చిక్కు ఉంటుంది. పెద్దమనుషుల ఒప్పందాల్లో అలవాటుగా ఒక వాక్యం రాస్తారు: "ఉభయులం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం." చదవడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీకి బదులు వచ్చిన చట్టం) 144వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు భరణం అడిగే హక్కు ఉండదు. అంటే ఆ వాక్యం కింద సంతకం పెడితే మీ సొంత భరణం మీద మీరే గీత గీసుకున్నట్టు. పిల్లల హక్కు మాత్రం అలా పోదు. అది పిల్లలది, తల్లి సంతకంతో రద్దయ్యేది కాదు. అయినా రేపు మీరు కేసు వేస్తే ఆయన ముందుగా ఆ కాయితమే తెచ్చి చూపిస్తారు. ఇచ్చిన సొమ్ము లెక్కలో మినహాయించమంటారు, దాని మీద వాదనలతో నాలుగు వాయిదాలు గడిచిపోతాయి. పైగా వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నదాన్ని ఆయన ఉల్లంఘిస్తే, దాని ఆధారంగా వారంటు పుట్టదు.

రాజీ వద్దని మేం అనడం లేదు. రాజీ పడాలనుకుంటే లోక్ అదాలత్‌లోనో, వేసిన కేసులో కోర్టు ఎదుటో పడండి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. అందులో నెలకు ఎంత, ఏ తేదీ లోపు, ఏ ఖాతాలోకి, ఏటా ఎంత పెంపు అన్నది రాయించుకోవచ్చు.

ఇక పాతిక శాతం మాట. పిల్లల భరణానికి మన చట్టంలో ఇంత శాతం అన్న పట్టిక ఎక్కడా లేదు. భార్యకు భర్త నికర జీతంలో 25 శాతం న్యాయమని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అన్నది. అది ఆ కేసు సంగతులను బట్టి, భార్య విషయంలో అన్న మాట. అదే నోటినోటా పాకి సూత్రమైపోయింది. మూడో వంతు మాటకూ అంతకు మించిన ఆధారం లేదు. జడ్జి గారి ముందు నిజంగా ఉండేవి రెండు లెక్కలు: పిల్లలకు ఎంత కావాలి, తండ్రికి ఎంత వస్తుంది. ఈ రెండింటికీ ఎవరు గట్టి కాగితాలు పెడితే అంకె అటువైపు జరుగుతుంది. ఏ కాగితమూ లేని కేసుల్లో జడ్జి గారు అందాజాగా ఒక అంకె వేయాల్సి వస్తుంది, అలా వేసే అంకె సాధారణంగా చిన్నదే.

పిల్లల ఖర్చు లెక్క ఎలా కట్టామో చెబుతాం, పిటిషన్‌లో ఇలాగే వేయించండి. ఏడాదికోసారి కట్టేవాటిని పన్నెండుతో భాగించాలి. చాలామంది ఫీజు రాస్తారు గానీ పుస్తకాలు, యూనిఫారం, బూట్లు మర్చిపోతారు. పాపకు బడి ఫీజు ఏడాదికి 24,000, అంటే నెలకు 2,000. పుస్తకాలూ యూనిఫారమూ బూట్లూ ఏడాదికి 9,000, నెలకు 750. బడి ఆటో 800, ట్యూషన్ 500. ఇక్కడికి 4,050. బాబుకు ఫీజు నెలకు 1,500, పుస్తకాల వగైరా 500, ఆటో 600, మొత్తం 2,600. తిండికి పాపకు 3,000, బాబుకు 2,500. బట్టలకు 400, 300. మందులకు పాపకు 200, బాబుకు ఆయాసం ఉందన్నారు కాబట్టి 600. మీ చీటీలో ఇంటి అద్దె అసలు వేయలేదు. నీడ కూడా పిల్లల ఖర్చే. మీరిచ్చే అద్దె 4,500, ఇంట్లో ముగ్గురు, పిల్లల వాటా మూడింట రెండు వంతులు: 3,000. కరెంటు, గ్యాసు కలిపి 1,500లో అలాగే 1,000. వీటిని ఇద్దరికీ చెరిసగం వేస్తే పాపకు 9,650, బాబుకు 8,000.

ఇద్దరికీ కలిపి ఒకే అంకె అడగవద్దు, విడివిడిగా అడగండి. కలిపి ఇచ్చిన ఉత్తర్వు ఉంటే, పాపకు పద్దెనిమిది నిండిన రోజున ఎంత తగ్గించాలన్న పేచీ వస్తుంది, మళ్లీ కోర్టుకెక్కాలి.

ఈ అంకెల్లో ఒక్కటి కూడా ఊహగా కనిపించకూడదు. బడి నుంచి ఫీజు రసీదులతో పాటు, వచ్చే ఏడాది ఫీజు ఎంతో హెడ్మాస్టరు సంతకంతో ఒక కాగితం తీసుకోండి. ఇంటి యజమాని అగ్రిమెంటు రాయనంటే అద్దె ఫోన్‌పేలో కట్టండి, స్టేట్‌మెంటే సాక్ష్యమవుతుంది. ఆటో అతనితో ఒక చీటీ మీద సంతకం పెట్టించుకోండి. బాబుకు డాక్టరు రాసిన చీటీలు, మందుల బిల్లులు ఆరు నెలలవి చాలు. తిండి ఖర్చుకు బిల్లులు ఉండవని కోర్టుకూ తెలుసు, అక్కడ మాత్రం అతిగా వేయకండి. ఒక్క చోట ఉబ్బించిన అంకె దొరికితే మిగతా నిజమైన అంకెల మీద కూడా అనుమానం వస్తుంది.

రెండో లెక్క ఆయన ఆదాయం. అసలు పేచీ ఇక్కడే.

15,000 అన్న మాట ఎక్కడ నుంచి వచ్చిందో మాకు అర్థమవుతోంది. పీఎఫ్ తప్పనిసరిగా కట్టాల్సిన జీతం గరిష్ఠ పరిమితి 15,000. చాలా కంపెనీలు బేసిక్ అంతే చూపించి, దాని మీద 12 శాతం, అంటే 1,800 కోస్తాయి. మిగతాది అలవెన్సులు, ఓవర్‌టైము పేర్లతో ఇస్తాయి. అందువల్ల పీఎఫ్ పాస్‌బుక్ చూపించి "ఇదిగో నా జీతం" అంటే అది అబద్ధంలా కనిపించదు. దాన్ని తిప్పికొట్టేది జీతం పడే బ్యాంకు ఖాతా ఒక్కటే. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి అన్నది మీకు తెలిసే ఉంటుంది. పాత పాస్‌బుక్, లోను కాగితాలు, పిల్లల బడి దరఖాస్తులో ఆయన ఆదాయం రాసిన చోటు, ఆయన మీకు పంపిన పే స్లిప్పు ఫొటోలు, ఇలాంటివి ఇంట్లో ఏమున్నా ఇప్పుడే ఒక చోట చేర్చండి. వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి, అయితే ఫోను నుంచి తీసిన ప్రింటుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. ప్లీడరుకు తెలిసిన పనే, మీరు చేయవలసిందల్లా ఫోను మార్చకుండా, సందేశాలు చెరపకుండా ఉంచడం.

మీ దగ్గర కాగితం లేకపోయినా దారి ఉంది. 2020 నవంబరు 4న రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం వివరిస్తూ అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాలని దేశమంతటికీ నియమం పెట్టింది. మీరు పిటిషన్‌తో పాటే వేయాలి. ఆయన నోటీసు అందాక తన జవాబుతో పాటు నాలుగు వారాల లోపు వేయాలి, ఇంకా గడువు కావాలంటే రెండుసార్లకు మించి ఇవ్వకూడదు. అయినా సాగదీస్తే ఆయన వాదన కొట్టేసే అధికారం కోర్టుకు ఉంది. అఫిడవిట్‌లో 15,000 అని రాస్తే, అప్పుడు మీ ప్లీడరు నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద ఒక దరఖాస్తు వేయాలి: కంపెనీ నుంచి గడిచిన పన్నెండు నెలల జీతాల రిజిస్టరు ఓవర్‌టైముతో సహా, బ్యాంకు నుంచి మూడేళ్ల స్టేట్‌మెంటు తెప్పించమని. ఈ ఒక్క దరఖాస్తు వేయక ఓడిపోయే కేసులు చాలా. ప్రమాణం చేసి అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని తెలిసి, దరఖాస్తు పడగానే అంకె మార్చుకునేవాళ్లూ ఉన్నారు.

ఆ అఫిడవిట్ మీకూ వర్తిస్తుంది. మీ 6,000 దాచకండి. మీ ఖాతాలో పడే ఫోన్‌పే సొమ్ము చూపించి ఆయన ప్లీడరు ఒక్క ప్రశ్న వేస్తే మీ మాట తేలిపోతుంది. ఆరు వేలు వస్తున్నంత మాత్రాన మీకు భరణం ఉండదనేది కూడా నిజం కాదు. అది మీకు చాలుతుందా లేదా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు మినహాయింపులు. 42,000లో చట్టప్రకారం తప్పనిసరిగా పోయేవి పీఎఫ్ 1,800, ఆంధ్రాలో వృత్తి పన్ను 200. మిగిలేది 40,000. లెక్క మొదలయ్యేది ఈ అంకె దగ్గరే. బండి లోను, చీటీ, ఎల్ఐసీ ఆయన ఇష్టపడి కట్టుకునేవి. అందులో రెండు ఆయన పొదుపే. పిల్లల తిండి కన్నా ముందు వాటిని తీసివేయడానికి కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. విడిపోయాక తీసుకున్న కొత్త లోనయితే అనుమానంతోనే చూస్తాయి.

ఎంత రావచ్చో అందాజా వేసుకోవడానికి రెండు కొలతలు చూపిస్తాం. ఒకటి, 2004లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో వాడిన వాటాల పద్ధతి. ఇంటి మొత్తం రాబడిని ఒక రొట్టె అనుకుని, సంపాదించే భర్తకు రెండు వాటాలు, భార్యకు ఒకటి, ఒక్కో బిడ్డకు ఒకటి వేస్తారు. మీ ఇద్దరి రాబడి 46,000. అయిదు వాటాలు చేస్తే వాటా 9,200. పిల్లలిద్దరికీ 18,400. మీ వాటాలో మీ సంపాదన 6,000 పోగా 3,200. ఆయన ఇవ్వాల్సింది మొత్తం 21,600, ఆయనకు మిగిలేది 18,400. ఆయన తల్లిదండ్రులు కూడా తన మీదే ఆధారపడ్డారని రుజువు చేస్తే వాటాలు ఏడవుతాయి, వాటా 6,571కి దిగుతుంది, పిల్లలకు 13,142 అవుతుంది. మామగారి పేర పొలం ఉందేమో ఆంధ్రా ప్రభుత్వ మీభూమి సైటులో ఊరి పేరుతో 1-బి (భూమి హక్కుల రికార్డు) తీసి చూడండి. పింఛనో పొలమో ఉంటే ఆ ఇద్దరూ పూర్తిగా ఆయన మీదే బతుకుతున్నారన్న వాదన పలచబడుతుంది.

రెండో కొలత, పిల్లల ఖర్చును తల్లిదండ్రుల రాబడి నిష్పత్తిలో పంచడం. 46,000లో మీది 6,000, అంటే 13 శాతం. 17,650లో మీ వంతు సుమారు 2,300, ఆయన వంతు 15,350. చదువు ఖర్చు మామూలుగా తండ్రిదేనని, తల్లికి చాలినంత సంపాదన ఉంటే నిష్పత్తిలో పంచవచ్చని రజనేష్ తీర్పులో ఉంది. మీ ఆరు వేలను చాలినంత అనడం కష్టం. పైగా వండి పెట్టడం, రాత్రి ఆయాసం వస్తే ఆసుపత్రికి పరుగెత్తడం మీ వంతు కిందే జమ అని మీ ప్లీడరు గట్టిగా చెప్పాలి.

ఈ రెండూ ఒడిశా కోర్టును కట్టేసే సూత్రాలు కావు. మీరు అడిగే అంకె గాలిలో లేదని చూపడానికి ఉపయోగపడతాయంతే. మీ కాగితాలు నిలబడితే పిల్లలిద్దరికీ 13,000 నుంచి 18,000 మధ్య అడగడం న్యాయమేనని మా అభిప్రాయం. 17,650 అడగండి. యాభై వేలు అడిగి బేరమాడదామన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి.

నోటీసు అందిన వారానికే ఉద్యోగం మానేసి "పని లేదు" అనే తండ్రులు ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూలి పని చేసయినా భార్యాపిల్లల్ని పోషించాల్సిందేనని 2022లో అంజూ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అప్పుడు కోర్టు ఆయన చేతిలో ఉన్న పనిని బట్టి, నైపుణ్యం ఉన్న కార్మికుడికి వచ్చే కూలిని ఆదాయంగా లెక్కేస్తుంది. కానీ అది 42,000 కన్నా బాగా తక్కువే. అందుకే పాత జీతం రుజువులు నోటీసు వెళ్లకముందే మీ చేతిలో ఉండాలి.

"నువ్వే వెళ్లిపోయావు" అన్న వాదన పిల్లల భరణానికి అసలు సంబంధం లేనిది. కారణం లేకుండా భర్తతో ఉండనన్న భార్యకు భరణం ఉండదన్న నిబంధన భార్యకే, బిడ్డకు కాదు. "పిల్లల్ని నాకిచ్చెయ్" అన్నదీ అంతే. కస్టడీ కావాలంటే ఆయన వేరే పిటిషన్ వేసుకోవాలి. అది తేలేదాకా పిల్లలు ఎవరి దగ్గరుంటే వాళ్ల చేతికి ఖర్చు రావాలి. అలాగని ఆయన డబ్బివ్వడం లేదని పిల్లల్ని చూడనివ్వకుండా ఉండకండి. ఈ రెండూ వేర్వేరు సంగతులు. చూడనివ్వని తల్లి అన్న ముద్ర రేపు కస్టడీ కేసులో మీకే అడ్డొస్తుంది.

కేసు ఎక్కడ అన్నదానికి జవాబు తేలిక: పర్లాకిమిడిలోనే. 144వ సెక్షన్ కేసు భర్త ఉండే చోట గానీ, భార్య ఉండే చోట గానీ, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట గానీ వేయవచ్చని 145వ సెక్షన్ చెబుతోంది. మీ ప్రాంతం ఫ్యామిలీ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ, లేకపోతే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ కోర్టులో. కొందరు ప్లీడర్లు ఇంకా పాత పేరుతో 125 కేసు అంటారు, 2024 జులై 1 నుంచి అదే 144 అయింది. ఇందులో పెద్ద కోర్టు ఫీజు ఉండదు. గృహహింస చట్టం కింద కూడా మీరుండే చోటే పిటిషన్ వేయవచ్చు. అందులో ఒక సౌకర్యం ఉంది: 20వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ కింద, జీతంలో కొంత కోసి నేరుగా మీకు పంపమని లేదా కోర్టులో జమ చేయమని కంపెనీనే ఆదేశించవచ్చు. కొట్టడం, తిట్టడం, డబ్బివ్వకుండా ఏడిపించడం జరిగి ఉంటే ఈ దారి గురించి ప్లీడరును అడగండి. రెండు కేసులు వేస్తే ఒకదాని సంగతి ఇంకోదానిలో తప్పక చెప్పాలి. ఒకచోట వచ్చిన సొమ్ము రెండోచోట సర్దుతారు.

సరిహద్దు వల్ల వచ్చే ఇబ్బంది ఇంకోటి ఉంది. మీరు ఆలస్యం చేస్తే ఆయన విశాఖలోనో శ్రీకాకుళం జిల్లాలోనో విడాకుల కేసు వేయవచ్చు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఆ కేసు మార్చే అధికారం సుప్రీంకోర్టుకే ఉంది. పాతపట్నం మీకు కూతవేటు దూరమే అయినా కేసు బదిలీకి ఢిల్లీ పోవాలి. అలాంటి నోటీసు వస్తే పక్కన పడేయకండి. హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద కేసు ఖర్చులు, 26వ సెక్షన్ కింద పిల్లల పోషణ, చదువు ఖర్చు ఆ కోర్టులోనే అడగవచ్చు.

మీ దగ్గర కోర్టు కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో నడుస్తాయి. పిటిషన్, అఫిడవిట్ మీద సంతకం పెట్టేముందు ప్రతి పేరా తెలుగులో చెప్పించుకోండి. "అందులో ఏముందో నాకు తెలియదు" అని క్రాస్‌లో, అంటే ఎదుటి ప్లీడరు ప్రశ్నలు వేసేటప్పుడు, ఒక్క మాట అన్నా కేసు దెబ్బతింటుంది. తెలుగులో ఉన్న కాగితాలకు అనువాదం జత చేయించాలి. ఇక పేర్లు. మన వైపు ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా బడి రికార్డుల్లో అది చివరికి పోతుంది, ఒక్కోసారి మాయమే అవుతుంది. పాప జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా, బడిలో ఇంకోలా ఉంటే ఇప్పుడే ఒక వరుసలో రాసి, ఆ మూడు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్‌లో చెప్పించండి. ఆయన వైపు ప్లీడరు దీని మీద వాయిదా అడగడానికి వెనకాడడు.

నోటీసు అందకపోవడం కేసులు నిలిచిపోవడానికి పెద్ద కారణం. విశాఖ అద్దె గది, ఊళ్లో ఇల్లు, కంపెనీ, మూడు చిరునామాలూ ఫోను నంబరూ ఇవ్వండి. కావాలని తప్పించుకుంటున్నారని తేలితే ఆయన లేకుండానే కేసు విని ఉత్తర్వు ఇవ్వవచ్చు. అది రద్దు చేయించుకోవాలంటే ఆయన మూడు నెలల లోపు సరైన కారణంతో రావాలి.

పిటిషన్‌తో పాటే మధ్యంతర భరణం (కేసు తేలేదాకా ఇచ్చే భరణం) దరఖాస్తు వేయండి. నోటీసు అందిన నాటి నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టం. వీలైనంతవరకు అన్న మాటకు వాయిదాలు ఎంత సాగుతాయో చెప్పలేం గానీ, ఒక ఊరట ఉంది: దరఖాస్తు వేసిన తేదీ నుంచే భరణం లెక్కించాలని రజనేష్ తీర్పు చెప్పింది. కాబట్టి ఉత్తర్వు ఆలస్యమైనా ఆ నెలల సొమ్ము బాకీగా నిలుస్తుంది. పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ గడిపిన నెలలకు ఆ లెక్క రాదు. ఈ ఏడాదిన్నర ఇప్పటికే అలా పోయింది.

ఏటా 5 శాతం పెంపు ఉత్తర్వులోనే రాయమని అడగండి. అది లేకపోతే ఫీజులు పెరిగిన ప్రతిసారీ 146వ సెక్షన్ కింద పెంపు పిటిషన్ వేసుకోవాలి. అదే సెక్షన్ కింద ఆయన తగ్గించమనీ అడగవచ్చు. ఈ భరణం మామూలుగా పద్దెనిమిది నిండేదాకానే. వైకల్యం వల్ల సొంతంగా బతకలేని బిడ్డకు ఆ తర్వాతా ఉంటుంది. పెళ్లికాని కూతురైతే హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షన్ కింద పెద్దదైనా అడగవచ్చు. బాబుకు ఆ దారి లేదు కాబట్టి, రాజీ కుదిరితే డిగ్రీ అయ్యేదాకా అన్న మాట అందులో రాయించండి.

మీ జిల్లాలో, రాయగడ వైపు ఇది చదివేవారిలో సవర, కొంధు కుటుంబాల వాళ్లూ ఉంటారు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం, పోషణ చట్టం మామూలుగా వర్తించవు. ఆ పేరుతో వేసిన పిటిషన్ మొదట్లోనే తిరిగి వస్తుంది. 144వ సెక్షన్‌కు మతంతో, తెగతో పని లేదు, వారికి నేరుగా అదే దారి.

ఉత్తర్వు వచ్చాక వసూలు. దాని కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. పర్లాకిమిడి ఉత్తర్వును విశాఖలో ఉన్న మనిషి మీద అక్కడి మెజిస్ట్రేట్ ద్వారా అమలు చేయించవచ్చు, 147వ సెక్షన్ ఆ వీలు కల్పిస్తోంది. కట్టకపోతే జరిమానా వసూలు చేసినట్టు వారంటు వేస్తారు. అప్పటికీ కట్టకపోతే నెల దాకా జైలు. జైలుకెళ్లొచ్చానంటే బాకీ తీరిపోదు, ఈ మాట సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. డిక్రీలా అమలు చేయిస్తే జీతం జప్తు కూడా ఉంది. మామూలు అప్పుకు జీతంలో చాలా భాగానికి రక్షణ ఉంటుంది, భరణం డిక్రీకి మాత్రం మూడింట ఒక వంతుకే ఆ రక్షణ.

ఇక్కడ ఎక్కువమంది తల్లులు నష్టపోయే చోటు ఒకటుంది. వారంటు కోసం దరఖాస్తు, ఆ నెల సొమ్ము బాకీపడిన ఏడాది లోపు వేయాలి. మార్చి నెల డబ్బు రాకపోతే వచ్చే ఏడు మార్చి దాటకూడదు. దాటితే హక్కు పోదు గానీ ఈ పదునైన దారి మూసుకుపోతుంది, సివిల్ దారిలో నెమ్మదిగా నడవాలి. "రెండేళ్లవి కలిపి ఒకేసారి అడుగుదాం" అనుకోవద్దు. మూడు నెలలు బాకీ పడితే దరఖాస్తు వేయండి. భరణం కోసం విడిగా ఒక ఖాతా తెరవండి. అందులోకి వచ్చిందేదో, రానిదేదో ఒక్క స్టేట్‌మెంటుతో తేలిపోతుంది. ఆయన ఎప్పుడైనా పాప చేతికి రెండు వేలు పెట్టి, కోర్టులో పది వేలు ఇచ్చానంటే మీ దగ్గర జవాబుండాలి కదా. చేతికి డబ్బిస్తే ఖాతాలో వేయమనండి. ఉత్తర్వు మీద ఆయన పై కోర్టుకెళ్లినా, స్టే తెచ్చుకుంటే తప్ప కట్టడం ఆపకూడదు.

ప్లీడరు ఫీజు భయంతో ఆగకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆడవారికి, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ చాలు. 15100కి ఫోను చేసి కూడా అడగవచ్చు. తెలుగు తెలిసిన ప్లీడరు కావాలని అర్జీలోనే రాయండి. మొదటి రోజు మీ ఆధార్, పిల్లల జనన ధ్రువపత్రాలు, పెళ్లి ఫొటో లేదా కార్డు, ఖర్చుల చీటీ రసీదులతో, మీ బ్యాంకు స్టేట్‌మెంటు, ఆయన ఆదాయానికి దొరికిన కాగితాలు, మూడు చిరునామాలు తీసుకెళ్లండి. అన్నిటికీ జిరాక్సులే ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. పెద్దమనుషులు ఈలోగా పిలిస్తే వెళ్లండి, వినండి, సంతకం మాత్రం ప్లీడరు చదివాకే అనండి.